తిరిగొచ్చిన గిన్నె

పొద్దున్నే లేవాలి. ఆకలున్నా లేకపోయినా గిన్నెలో పెట్టింది తినాలి. మధ్యాహ్నానికల్లా సీసాలో నీళ్ళు అవగొట్టాలి. దాహమేస్తోంది కదా అని మంచు తీసి నోట్లో వేసుకోకూడదు, వంటాయన మరగబెట్టి ఇచ్చిన నీళ్ళే తాగాలి. తల తిరిగితే దాచకుండా చెప్పాలి. చుట్టరికాలు కొండ కిందే వదిలి రావాలి, పైన అందరూ ఒకటే. శిఖరం ఎక్కడానికి వచ్చిన ఆ ఐదుగురికీ ఇవన్నీ గైడు మొదటిరోజే చెప్పాడు. ఆఖరున ఇంకో మాట కూడా అన్నాడు. వరసగా రెండు పూటలు తిండి ముట్టని మనిషి ఎవరైనా సరే, కిందికి దింపేస్తానని.

అందుకే ఆ పొద్దున వంటాయన గుడారంలోకి వచ్చి, “రాత్రి ఒక గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది సార్. నిన్న మధ్యాహ్నమూ అంతే” అనగానే మందుల షాపావిడ పక్కనున్న తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండు మజిలీలుగా ఆవిడకి తిండి వాసనే పడటం లేదు. వంటాయన అటు తిరగ్గానే తన గిన్నెలోది తమ్ముడి గిన్నెలోకి తోసేస్తోంది. గుడారం తలుపు సందులోంచి శిఖరం కనిపిస్తోంది. ఇంకొక్క ఎక్కుడు. ఇప్పుడు దించేస్తే?

“ఎవరిది?” అన్నాడు గైడు తల ఎత్తకుండా. పొద్దుట్నుంచీ ఒకే బూటు తాడుతో కుస్తీ పడుతున్నాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోయినట్టున్నాయి.

“వాళ్ళంతట వాళ్ళే చెప్తే బాగుంటుందని చూస్తున్నా సార్.”

“అక్కా, నువ్వేనా?” తమ్ముడు చెవిలో గొణిగాడు.

“నా వాటా కూడా మింగింది నువ్వే కదరా మొద్దూ! ఇంక నా గిన్నె నిండుగా ఎలా తిరిగెళ్తుంది?”

అందరికంటే ముందు ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు. “నేను సూపు గుడారం వెనకాల పారబోసిన మాట నిజమే. గిన్నె మాత్రం ఖాళీగానే ఇచ్చాను.”

“అదా అక్కడ పచ్చగా గడ్డకట్టింది!” అంది ఆయన భార్య. “నేనింకేదో అనుకుని రోజూ చుట్టూ తిరిగి వస్తున్నా.”

“మొదటి వాయిదాకే నేరం ఒప్పేసుకున్నారేంటండీ?” అన్నాడు డ్రిల్లు మాస్టారు. గుడారమంతా నవ్వింది. ఆ నవ్వులోనే మాస్టారు తన జేబులోంచి రాత్రి భోజనం తాలూకు ఉడికిన గుడ్డు తీసి, ఏమీ ఎరగనట్టు బల్ల మీద పెట్టేశాడు.

ఇక తప్పదనుకుని మందుల షాపావిడ చెయ్యెత్తింది. “నేనూ సరిగ్గా తినలేదండీ. మా తమ్ముడికి పెట్టేశాను.”

వంటాయన తల అడ్డంగా ఊపాడు. “మీ దొంగతనాలన్నీ నాకు తెలుసమ్మా. గిన్నెలు కడిగేది నేనే కదా. మీరు సగమైనా మింగారు, చూశాను. నేను చెప్పేది చెంచా కూడా పెట్టని గిన్నె గురించి.”

ఆవిడకి భయం దిగిపోయి, ఆ స్థానంలో ఆరాటం మొదలైంది. తను కాదు. ప్లీడరు కాదు. ఆయన భార్య రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. తమ్ముడైతే గిన్నె నాకినా నాకుతాడు. మాస్టారు గుడ్డు దాచాడే గాని జావ వదల్లేదు. మరి ఎవరు?

“నాన్చకుండా చెప్పు” అన్నాడు గైడు చిరాగ్గా. “ఎవరో చెబితే ఈ పూటే దింపేస్తా.”

“మళ్ళీ మాట మార్చరు కదా సార్?”

“నా మాట ఎప్పుడైనా మారిందా?”

వంటాయన తను కప్పుకున్న దుప్పటి కింది నుంచి గిన్నె తీసి గైడు ఒళ్ళో పెట్టాడు. జావ అంచుదాకా గడ్డకట్టి ఉంది.

“మీదే సార్.”

గైడు ఒక్కడే నవ్వాడు. “నాకేమైంది? ఈ కొండ నాకు ఇంటి పెరడు!” అంటూ లేవబోయి, తూలి, గుడారం గుంజ పట్టుకున్నాడు. అప్పుడు చూసింది మందుల షాపావిడ, అతని పక్కనున్న నీళ్ళ సీసాని. నిన్న పొద్దున వంటాయన నింపి ఇచ్చిన నీళ్ళు మూత తీయకుండానే రాయిలా గడ్డకట్టాయి.

“నేను దిగితే వీళ్ళని పైకి ఎవరు తీసుకెళ్తారు?” అన్నాడు గైడు. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. “ఇంత దూరం వచ్చినవాళ్ళని శిఖరం కనబడే చోట ఆపేస్తామా?”

వంటాయన ఒక్కొక్కరి ముఖంలోకి చూశాడు. ఆ చూపు చూస్తే, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తరువాయి అన్నట్టుంది.

మందుల షాపావిడ తలుపు సందులోంచి ఒక్కసారి పైకి చూసి, తన గ్లాసు సంచిలో పెట్టుకుంది. “దిగుదాం పదండి.”

“శిఖరం మీద ఫోటో లేకపోతే బావ నవ్వుతాడక్కా” అన్నాడు తమ్ముడు.

“నవ్వనీ. ఇప్పుడేమైనా ఏడుస్తున్నాడా?”

ప్లీడరు గారు దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టారు. వంటాయన మోకాళ్ళ మీద కూర్చుని బూటు తాడు అందుకున్నాడు. “కాలు ఇలా పెట్టు” అన్నాడు. గైడు ఎదురు చెప్పకుండా కాలు చాపాడు.

సాయంత్రానికి కింది మజిలీ చేరేసరికి గైడు మాట తేటపడింది. రెండు గిన్నెల జావ అడిగి మరీ తాగాడు. ఆ శిఖరం మీద నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో వాళ్ళలో ఎవరికీ ఈరోజుకీ తెలియదు. మీరెప్పుడైనా అక్కడికి ఎక్కి, వేడినీళ్ళ సీసా మూత తిప్పేటప్పుడు, కన్నకొడుకుని పదిమంది ముందు ‘సార్’ అంటూనే కొండ దింపేసిన ఆ వంటాయన్ని ఒక్కసారి తలుచుకోండి.