పదింటికి కదలాల్సిన కారు

"పెట్రోలు కార్బొరేటరు దాకా వస్తనే లేదు సార్," అన్నది శైలజ బానెట్ కింద నుంచి తలెత్తి.

పురుషోత్తం రావు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. బుగ్గారంలో ఆ నల్లకారును ఎరగనివాళ్లు లేరు. 1964లో ఆయన తండ్రి కొన్నది. రేపు వేములవాడలో పెండ్లి. పదింటికల్లా కారు కదలాలి. పొద్దున ఒకసారి నడిపి చూద్దామని తీస్తే ఊరు దాటగానే ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. జగిత్యాల నుంచి ఇద్దరు మెకానిక్కులు వచ్చి ప్లగ్గులు మార్చారు, బ్యాటరీ మార్చారు, చివరికి చేతులెత్తేశారు.

"రేపటి పనులల్ల ఉంటవని నిన్ను పిలువలే బిడ్డా," అన్నాడు రావు.

"కారు గిట్ల పడి ఉంటె నాకు ఏం పని తోస్తది సార్?"

పక్కన కుర్చీలో ఆమె తండ్రి యాదగిరి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఆ కారును నడిపిందీ, బాగుచేసిందీ ఆయనే. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక, కోరుట్లలోని ఆయన షెడ్డును శైలజ నడుపుతోంది.

"ఆయిల్ పుల్ల గుంజి వాసన చూడు," అన్నాడు యాదగిరి.

శైలజ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంజను ఆయిల్లో పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఫ్యూయల్ పంపు నాయినా! లోపలి పొర చినిగింది. పెట్రోలు పైకి ఎక్కక ఆయిల్ల కలుస్తంది."

"కరెంటు పంపు పెడితె అయిపోదా?" అడిగాడు రావు కొడుకు ప్రణయ్. "లేకుంటె ఇడువుండ్లి. తెల్ల కారు కిరాయికి మాట్లాడుత. ఏసీ ఉంటది."

"ఒద్దు," అన్నారు రావూ శైలజా ఒక్కసారే.

"మీ అమ్మ గీ ఇంటికి గీ కార్లనే వచ్చింది," అన్నాడు రావు. "రేపు పెండ్లికూతురు గిండ్లనే పోతది. మాట ఇచ్చిన."

సిరిసిల్లలో పాత కార్ల సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర రెండు పంపులు ఉన్నాయని ఫోన్లో తెలిసింది. తెల్లారి ఏడింటికి ప్రణయ్ వాటిని తెచ్చాడు. శైలజ అప్పటికే పాత ఆయిల్ దించేసి, గ్రీజు మరకల చొక్కాలో వాకిట్లో నిలబడి ఉంది.

కారులోంచి ఊడదీసిన పాత పంపుతో కలిపి మూడింటినీ గోనెపట్టా మీద వరసగా పెట్టింది.

"మూడూ ఒక్కతీరే ఉన్నయ్ గదా?" అన్నాడు ప్రణయ్.

"లివరు చూడు అన్నా. దీనిది గోరంత పొడుగుంది. బిగిస్తె ఇంజను తిరుగంగనే ఇరుగుతది." రెండోది ఎత్తింది. లివరు సరిగ్గా ఉంది. మూత విప్పి చూస్తే లోపలి పొర ఎండిన తోలులా బిగుసుకుపోయి ఉంది.

రావు ముఖం వాడిపోయింది. "అయితె రెండూ దండుగేనా?"

మేడమీద నుంచి ఆయన కూతురు ఐశ్వర్య తొంగిచూసింది. రెండు చేతులా గోరింటాకు ఎర్రగా పండింది. "శైలజక్కా, ఎనిమిదైంది! ముస్తాబు ఇంకా మొదలే కాలె!"

"అరగంట ఆగు చెల్లే!"

శైలజ మొదటి పంపు మూత కూడా విప్పింది. దాని పొర మెత్తగా, కొత్తగా ఉంది. రెండోదాని మీద పెట్టి చూసింది. మరల చిల్లులన్నీ కలిశాయి.

"నాయినా, రెండింటిని ఒకటి చేస్త!"

యాదగిరి కుర్చీలో ముందుకు జరిగాడు. "లివరు నొక్కిపట్టి మరలు బిగియ్యి. లేకుంటె పొర మల్ల చినుగుతది."

అట్లాగే బిగించింది. వేలితో గొట్టం మూసి లివరు నొక్కింది. పంపు వేలిని లోపలికి గుంజింది. ఇంజనుకు పంపు ఎక్కించింది, రెండు బోల్టులు బిగించింది, కొత్త ఆయిల్ పోసింది. పంపు పక్కనుండే చిన్న చేతి లివరు కొట్టికొట్టి పెట్రోలు పైకి రప్పించింది.

"ఇగ కొట్టుండ్లి సార్!"

రావు తాళం తిప్పాడు. కారు దగ్గింది. రెండోసారి గట్టిగా దగ్గింది. మూడోసారి వాకిలంతా దద్దరిల్లేలా అందుకుంది!

ప్రణయ్ ఈల వేశాడు. గోడల మీద నుంచి చూస్తున్న వాడకట్టువాళ్లు చప్పట్లు కొట్టారు. యాదగిరి కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు నిమిషంసేపు విన్నాడు.

"నాకంటె మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నవ్వుకుంటూ ఇంటికి పరుగెత్తింది.

పదింటికి కారు పూలదండలతో కదిలింది. స్టీరింగు రావు పట్టుకున్నాడు. "ఇయ్యాల డ్రైవర్ను నేనే," అంటూ యాదగిరిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వెనక సీట్లో ఐశ్వర్య కూర్చుంది.

కారు రెండు వీధులు దాటి, పచ్చని పందిరి వేసిన యాదగిరి ఇంటి ముందు ఆగింది. రావు దిగి వెనక తలుపు తానే తీసి పట్టుకున్నాడు.

పెండ్లికూతురు శైలజ తల వంచి కారెక్కింది.