నేలలోని రంధ్రం

లోపలే వండుకుని పడుకునే పాత మోటార్‌హోమ్ బండి అమ్ముతూ ముసలాయన జ్లాతినాకు ఒక్కటే చెప్పాడు. "పొయ్యి దగ్గర నేలకి రంధ్రం ఉంది, లీకైన గ్యాస్ కిందికి పోవడానికి. అది మాత్రం మూయకు తల్లీ. చలిగాలి కొడుతోందని మా ఆవిడ మూసింది. మర్నాడు ఇక లేవలేదు." తాళాలు చేతిలో పెట్టి తల తిప్పుకున్నాడు.

వేసవంతా జ్లాతినా, మొగుడు కామెన్ కలిసి తుప్పు గీకారు, చెక్కలు మార్చారు, పరుపులు కుట్టారు. ఆ బండిలో రొదొపీ కొండలకి వెళ్లిన మొదటి రాత్రే ఆ రంధ్రంలోంచి వచ్చే గాలి పాప నెవెనా కాళ్లకి తగిలింది. గాలి తగిలితే పిల్లకి ఏ జబ్బు చేస్తుందోనని జ్లాతినాకు ఒకటే దిగులు. మొగుడికి చెప్పకుండా రంధ్రంలో ఉన్ని మేజోడు కుక్కేసింది.

అర్ధరాత్రి మెలకువ వచ్చింది. మేజోడు పాప దిండు పక్కన ఉంది, చక్కగా మడతపెట్టి.

"ఇది నువ్వు తీశావా?"

"నేనెందుకు తీస్తానే? పడుకో. నీ నీడ చూసి నువ్వే దడుచుకుంటావు," అన్నాడు కామెన్ కళ్లు తెరవకుండానే.

ముసలాయన మాట చెబుదామనుకుంది. చెబితే తిడతాడు. మేజోడు మళ్లీ కుక్కి, కాపలా కూర్చుంది. తెల్లవారుజామున కునుకు పట్టింది.

కళ్లు తెరిచేసరికి మేజోడు తన ఒళ్లో ఉంది. గ్యాస్ వాసన. పొయ్యి మర సగం తిరిగే ఉంది, రాత్రి పాలు కాచింది తనే. లేచి మర కట్టేసింది. తెరుచుకున్న రంధ్రం దగ్గర చల్లటి గాలి మెల్లగా ఈల వేస్తోంది.

పాప వైపు తిరిగింది. నెవెనా ఊపిరి పీల్చుకుంటోంది. ఎవరో దుప్పటిని కాళ్ల చుట్టూ బిగించి దోపారు. పాదాల పక్కన అరచెయ్యంత మేర దుప్పటి ఇంకా నొక్కుకుపోయే ఉంది.