పికో ఎటు తిరగాలి

“ఆ పెట్టె ఇటు తిప్పు నాయనా. ఎదురింటి కిటికీకి సూటిగా ఉండాలి,” అన్నాడు అరిస్తీదెస్.

వీల్మెర్ నడుం పట్టుకుని నిలబడ్డాడు. అతను అద్దెకిచ్చే పికో బీరువా అంత ఎత్తు స్పీకరు. ఒంటినిండా రంగులు, నడుమ నోరు తెరిచిన పులి బొమ్మ. బరాంకియాలో పుట్టినరోజంటే అది వాకిట్లో ఉండాల్సిందే. ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు దాని కోసం ఇంకా విప్పని సామాన్ల అట్టపెట్టెలు జరిపి మరీ చోటు చేశారు.

“ఇంట్లోవాళ్లకి వినపడద్దా పెద్దాయనా?”

“వినాల్సిన మనిషి అక్కడుంది. మా ఒటీలియా.”

“వయసెంత?”

“డెబ్బై ఒకటి.”

“ఓహో, ఆవిడకి చెప్పకుండా చేస్తున్నారన్నమాట! గట్టివారే.”

వీల్మెర్ మురిసిపోయి పులిని వీధి వైపు తిప్పాడు. అరిస్తీదెస్ రికార్డుల పెట్టె ముందు చతికిలబడ్డాడు. పాటల విషయంలో ఆయన పెట్టే వంకలకు అంతులేదు. బొలేరోలన్నీ ఏరి అవతల పెట్టాడు.

“అవి మంచివేగా?”

“ఏడిపిస్తాయి. జనవరిలో ఆవిడ తమ్ముడు పోయాడు. అప్పట్నుంచీ ఆవిడ గడప దాటలేదు. రేడియో పెడితే కట్టేస్తుంది, నేను మాట్లాడితే గోడవైపు తిరుగుతుంది. ఇవాళ కూడా బయటికి రాకపోతే ఇక నావల్ల కాదయ్యా.”

వీల్మెర్ ఇంకో రికార్డు తీశాడు.

“వాయెనాతో పాట?”

“అకార్డియన్ వద్దు. తమ్ముడు వాయించేవాడు.”

“సల్సా?”

“మోకాళ్లు ఒప్పుకోవు.”

“ఇక మిగిలింది జాతీయగీతం. అది వేయమంటారా?”

“ముందు రెండు పోర్రో పాటలు వెయ్యి, ఊరికే చెవిన పడ్డానికి. మూడోది కుంబియా. డప్పు గట్టిగా ఉండాలి. నలభై కార్నివాళ్లలో ఆడిన మనిషి. ఆ డప్పుకి కాళ్లు ఊరుకోవు.”

మొదటి పోర్రో మొదలైంది. లోపలి నుంచి ఇంటావిడ యహైరా కొబ్బరి అన్నం, వేయించిన చేప రెండు పళ్లాల్లో తెచ్చి, “ఇద్దరూ తినండి,” అంది. పాట విని మొహం చిట్లించింది.

“ఇంత పాతవా? పాపకి నచ్చేవి వేయరా?”

“ముందు పెద్దవాళ్ల పాటలు, తర్వాతే పిల్లలవి. పద్ధతి అదీ,” అన్నాడు అరిస్తీదెస్, చేపముల్లు తీస్తూ.

ఈ ఊళ్లో పికో పక్కన నిలబడి గట్టిగా మాట్లాడినవాడిదే పెత్తనం. ఆమె సరేనని లోపలికి పోయింది.

“ఇంట్లో మీ మాటకి తిరుగు లేనట్టుందే!” అన్నాడు వీల్మెర్.

“ఇంట్లోనా? ఒటీలియా ముందు నేను నోరెత్తను.”

రెండు పోర్రోలూ అయిపోయాయి. ఎదురింటి కిటికీ తెర కదల్లేదు. అరిస్తీదెస్ ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయాడు.

మూడో పాటకి డప్పు మోగింది. వీధిలో కిటికీ అద్దాలన్నీ గడగడలాడాయి. అటు తెర కాస్త కదిలింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. దువ్వని తలతో, ఇంట్లో తొడుక్కునే నలిగిన గౌనుతో ఒటీలియా గడప మీద నిలబడింది.

“ఆ డప్పుకి నీరసమొచ్చిందా ఏంటి? పెంచండి!” అని అరిచింది.

వీల్మెర్ పెంచాడు. అరిస్తీదెస్ పళ్లెం వదిలేసి, చేతులు చొక్కాకి తుడుచుకుంటూ వీధి దాటాడు. ఆమె ఒక మెట్టు దిగింది. తర్వాత రెండోది. ఇద్దరూ నడివీధిలో చిన్నచిన్న అడుగులేస్తూ ఒకరి చుట్టూ ఒకరు తిరగసాగారు. ఆయన ఏడుస్తున్నాడు, ఆమె తిడుతోంది. వీల్మెర్ కళ్లు తుడుచుకున్నాడు.

కాగితం కిరీటం పెట్టిన పాపను చంకనేసుకుని యహైరా బయటికొచ్చింది.

“మీ అమ్మా నాన్నా భలే ఆడుతున్నారమ్మా,” అన్నాడు వీల్మెర్.

యహైరా వీధిలోకి చూసింది. అతని వైపు చూసింది.

“ఆ పెద్దాయన మీ మనిషి కాదా?”