సుశీలమ్మ ఇంటి పూనకం

"దవాఖానకా? మంగళారం పూటనా?" సుశీలమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ఎల్లమ్మ తల్లి ఒంటిమీదికొచ్చే రోజు హైదరాబాద్ బస్సెక్కుతవా? సిగ్గు లేదు!"

కోడలు దేవిక సంచీ చంకలోకి లాక్కుంది. "తల్లి కాదత్తమ్మా. నాలోనే ఉన్న ఇంకో మనిషి. డాక్టరమ్మ చెప్పింది గద. ఆమె వచ్చి పోయినంక నాకేం యాదికుండదు. మొన్న పాపన్నపేట ఆటోల కండ్లు తెరిచిన. ఎట్ల పోయిన్నో తెల్వదు. మస్తు భయమైతుంది, జర పోనియ్యుండ్రి."

"మందులు మింగి తల్లిని ఎల్లగొడుతవన్నట్టు!"

"ఎల్లగొట్టుడు కాదు. ఒకళ్ళతోని ఒకళ్ళు మాట్లాడుకోవాలన్నది డాక్టరమ్మ. అందుకే నా మాట ఫోన్ల రికార్డు చేసి పెడ్త. ఆమె వచ్చినప్పుడు విని, అండ్లనే జవాబు పెడ్తది."

సుశీలమ్మ ఫక్కున నవ్వింది. నోట్లో నాలుక లేని ఈ దద్దమ్మకు అమ్మవారితో ఫోన్‌లో ముచ్చట్లట! "ఆ తల్లి నోరు తెరిస్తే వాడ దద్దరిల్లుతది. నువ్వు తెరిస్తే ఈగ గూడ లేవదు. ఏం జూసి నిన్ను పట్టుకున్నదో!"

సుశీలమ్మ కడుపుమంటలో న్యాయం లేకపోలేదు. తల్లి పుణ్యమా అని కౌడిపల్లి నుంచి, శివ్వంపేట నుంచి జనం వచ్చి ఆమె గడప తొక్కుతున్నారు. నిన్నమొన్నటి దాకా ముఖం తిప్పుకున్న మెదక్ ఆడవాళ్ళు ఇప్పుడు వరస కలుపుతున్నారు. తల్లిని ఎవరు ముందు అడగాలో, ఎవరు తర్వాతో చెప్పేది సుశీలమ్మే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఆ పూజారి ఈవిడే. ఈ భోగం వదులుకోవడానికి ఆవిడకేం పిచ్చా?

"లోపలికి నడువు. పసుపు నీళ్ళు పోసుకో."

దేవిక చేతిలోంచి సంచీ జారింది. తల వాలిపోయింది. ముడి ఊడి జుట్టు ముఖాన పడింది. ఒళ్ళంతా ఊగింది.

"ఏమే సుశీలా!" బొంగురు గొంతు గర్జించింది.

సుశీలమ్మ ఎక్కడిదక్కడే మోకాళ్ళ మీద పడింది. "వచ్చినవా తల్లీ! జర ఆగు, ఊదు ఏస్త."

"ఊదు నీ నెత్తిమీద ఏసుకో! నా బిడ్డను దవాఖానకు పోనియ్యవా? నా పేరు జెప్పి పెత్తనం చేస్తవా?"

"తప్పైంది తల్లీ! నీకు కోపమొస్తదని..."

"డాక్టరమ్మ రమ్మన్నప్పుడల్లా పంపాలె. నువ్వే బస్సెక్కియ్యాలె. మాటియ్యి!"

"పంపుత తల్లీ, నీ మీద ఒట్టు!" సుశీలమ్మ ఆ కాళ్ళకు నొసలు ఆనించి మొక్కింది.

ఊగడం ఆగింది. దేవిక ముఖం తుడుచుకుని, సంచీ తీసుకుని తల దువ్వుకోవడానికి గదిలోకి వెళ్ళింది. సుశీలమ్మ వీధిలో పోయే ఆటోను ఆపి, లోపలికి తిరిగి కేకేసింది. "జల్ది రా! నీ తరఫున అడగనీకె గూడ ఆ తల్లే రావాల్సొచ్చె. నీకేడిది అంత దమ్ము?"

విసుక్కుంటూ గది దాకా వెళ్ళింది. తలుపు సందులోంచి మళ్ళీ ఆ బొంగురు గొంతే వినబడింది. సుశీలమ్మ గబుక్కున చేతులు జోడించింది. లోపల ఆ గొంతు ఫోన్‌తో మాట్లాడుతోంది.

"ఇగో, నేను ఇప్పుడే వచ్చిన. పొద్దటిసంది బయటికి రానేలేదు, లోపల కూసొని అంత విన్న. శభాష్ దేవికా! మీ అత్తతోని కాళ్ళు మొక్కించుకున్నది నువ్వే!"