పైపులో బోల్టు

"చెల్లి కారు మీద చెయ్యి వెయ్యొద్దని వాడితో చెప్పు," అన్నాడు అన్న, పెళ్లాంతో.

ఆ తమ్ముడు ఎక్కడో లేడు. పక్కనే, జాకీ మీద లేపిన వ్యాను కింద వెల్లకిలా పడుకుని, స్పానర్ ఆపి మరీ విన్నాడు.

అన్నదమ్ములది ఒకే షెడ్డు. నేల మీద నిలువునా పసుపు పెయింటు గీత. గీతకు అటు అన్న, ఇటు తమ్ముడు, గీత చివర సామాన్ల అర దగ్గర వదిన. ఏడాదిగా ఆ ఇద్దరి మధ్య ఏ మాట నడవాలన్నా వదిన మీదుగానే నడవాలి.

ఆవిడకి ఆ ఉదయం ఓపిక చచ్చిపోయింది. తాను మనిషినా, టెలిఫోను తీగనా అని అడిగింది. ఇవాళ్టి నుంచి ఎవరి మాటా మోయనంది.

"నోళ్లు పడిపోలేదుగా. మీరే చెప్పుకోండి."

అన్న గీత దాకా వచ్చాడు. వ్యాను కింద నుంచి బయటికున్న తమ్ముడి కాళ్ల వైపు చూసి నోరు తెరిచాడు. తమ్ముడు కావాలనే స్పానర్‌తో ఇనుము మీద టంగుటంగుమని వాయించాడు. అన్న తెరిచిన నోరు మూసుకుని, బైకు తీసి స్పేర్ పార్టుల బజారుకు వెళ్లిపోయాడు.

చెయ్యి వెయ్యొద్దట. తమ్ముడికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. చెల్లెలు ఆయనొక్కడికే చెల్లెలా? ఇద్దరి చేతికీ స్పానర్ ఇచ్చింది ఒక్క నాన్నే కాదా?

సాయంత్రం రమ్మన్న చెల్లెలు మధ్యాహ్నం కాకముందే దిగింది. భుజం మీద దుప్పట్లో చుట్టిన పిల్ల, ఖంగుఖంగున దగ్గుతోంది. కొండ అవతలి డాక్టరు ఇవాళే చూస్తానన్నాడట. హీటర్ పెడితే ఫ్రిజ్ తలుపు తీసినట్టుందని నిన్న కారు పెద్దన్నయ్యకి అప్పగించిందట. అయిపోయిందా, తీసుకెళ్లొచ్చా అని అడిగింది.

"ఆయన వచ్చేదాకా ఆగమ్మా," అంది వదిన.

"దగ్గు ఆగుతుందా?" అంటూ తమ్ముడు వ్యాను కింద నుంచి లేచాడు. చేతులు తుడుచుకుని గీత దాటాడు.

బానెట్ ఎత్తాడో లేదో, జబ్బు దొరికింది. ఇంజన్ నుంచి హీటర్‌కి వేడినీళ్లు తీసుకెళ్లే రబ్బరు పైపులో వేలెడంత బోల్టు దూర్చి, పైన క్లిప్పు బిగించి ఉంది. తమ్ముడు నవ్వాడు. అది నవ్వులా లేదు.

"చూశావా వదినా మీ ఆయన పనితనం. గొంతు నొక్కి పట్టుకుని, పాట రావడం లేదన్నట్టుంది."

"ఆయన ఊరికే ఏదీ చెయ్యరు అబ్బాయ్."

"మాటలు మోయనన్నావుగా. ఆయన తరఫున ఇదీ మోయకు."

వదిన సామాన్ల అర వైపు తిరిగిపోయింది.

బోల్టు లాగేసి, పైపు హీటర్‌కి కలిపి, తగ్గిన నీళ్లు పోసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. కాసేపటికి గాలి గోరువెచ్చనైంది, తర్వాత వేడెక్కింది. పిల్ల దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి ఆ గాలికి పెట్టి నవ్వింది. ఏడాదిలో తమ్ముడి ముఖం అంతగా వెలగలేదు.

ఏదో తియ్యటి వాసన వస్తోందంది చెల్లెలు. ఇన్నాళ్ల దుమ్ము కాలుతోందన్నాడు.

"అద్దం కూడా కొంచెం మసకేస్తోంది చిన్నన్నయ్యా."

"లోపల వెచ్చన, బయట చలి. మసకెయ్యక ఏం చేస్తుంది?" అని ఉతికిన గుడ్డ ఒకటి ఆమె ఒళ్లో పడేశాడు. "తుడుచుకుంటూ వెళ్లు. కొండ మలుపుల్లో తొందరపడకు."

కారు సందు చివర తిరిగిపోయాక ఆ బోల్టును గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. పసుపు గీత మీద నిలబెట్టాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

అన్న అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

"వదినా," అన్నాడు తమ్ముడు, "మీ ఆయన చేతగానితనం గీత మీద పెట్టాను, తీసుకోమను."

అన్న బోల్టును చూశాడు. కారు ఉండాల్సిన చోటు చూశాడు. గీత దాటి వచ్చి తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు.

"ఎంతసేపైందిరా వెళ్లి?"

నేరుగా తననే అడిగేసరికి తమ్ముడికి మాట తడబడింది. చాలాసేపైందన్నాడు.

"హీటర్ రేడియేటర్‌కి చిల్లు పడిందిరా. నీళ్లు కారిపోయే చల్లగాలి కొట్టింది. ఇప్పుడు వేడినీళ్లు పంపితే ఆవిరంతా ముందద్దానికి పడుతుంది. దారి కనిపించదు. కొత్తది తెచ్చేదాకా ఇంజన్ నీళ్లు అటు పోకుండా బోల్టు కొట్టాను." చంకలోని అట్టపెట్టె జారి కింద పడింది.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా."

"చెప్పడానికే వచ్చాను. నువ్వు ఇనుము వాయించావు."

ఇద్దరూ ఒకేసారి ఫోన్లు తీశారు. చెల్లెలి ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

అప్పుడు సామాన్ల అరలో వదిన ఫోను మోగింది. తెర మీద చెల్లెలి నంబరే. ఆవిడ గబుక్కున తీసి చెవికి ఆనించుకుంది. అవతల ఎవరో మగగొంతు, కొండ మలుపు దగ్గర్నుంచి. గోడ పట్టుకుంటూ నడిచి వచ్చి, మాట్లాడుతూనే ఉన్న ఆ ఫోనును పసుపు గీత మీద, బోల్టు పక్కన పెట్టింది.

"ఈ మాట నేను మోయలేను," అంది. "మీరే వినండి."