అద్దంలో ఆకాశం

చెరువు పక్కన కొత్తగా అద్దాల మేడ లేచింది. చలికాలం గడపడానికి దూరదేశం నుంచి గుంపుకంటే ముందుగా వచ్చిన గులాబి అనే గోరింక, అద్దంలో కనబడ్డ మబ్బుల్లోకి దూసుకెళ్లి ఠపీమని కిందపడింది.

ఆ మేడ చూరు కింద గూడు కట్టుకుంటున్న వానకోవెల పిట్ట నీలి గాభరాగా వచ్చి వాలింది. "దెబ్బ తగిలిందా వదినా?"

"నాకేం కాలేదు గానీ, అది ఆకాశమే అనుకున్నానమ్మా! వెనకాల మావాళ్లంతా వస్తున్నారు. వాళ్లూ అలాగే అనుకుంటారు!"

నీలి తనవాళ్లందరినీ కేకేసింది. వానకోవెలలన్నీ గూళ్ల కోసం తెచ్చుకున్న తడిమట్టితో అద్దం నిండా దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టాయి.

అంతలో గుంపు రానే వచ్చింది. చుక్కలు చూసి పక్కకి మళ్లి, కిచకిచలాడుతూ రేగుచెట్ల మీద వాలింది.

"ఎంత చక్కని ముగ్గే! ఏం పండగ?" అంది ఒక ముసలి గోరింక.

"మీరొచ్చారు కదత్తా!" అంది నీలి.