తెలుగులో వచ్చిన ఫోను

తెలియని నంబరు. శాంతాదేవి తీసి చెవిన పెట్టుకుంది.

“ఆంటీ, పునిత వాళ్లమ్మగారేనా?”

మలేసియాలోని బంటింగ్‌లో ముక్కూమొహం తెలియని పిల్ల తెలుగులో పలకరిస్తే అనుమానం రాదా మరి!

“ఎవులు నువ్వు?”

“మీరు రెండు కాలేజీలకీ మాటిచ్చినారంట. వాళ్లు పేర్లు కలిపి సూసుకుంటారు ఆంటీ. ఇయ్యాలే ఒకటి రద్దు సేయండి. నేదంటే రెండూ పోతాయి.”

మాట నిజమే.

డాక్టరు చదువుకి ముందుగా అప్లై చేసేవాళ్లకి రెండు దారులున్నాయి. సీటిస్తే తప్పకుండా చేరతానని మాటిచ్చి అడగడం ఒకటి. అలా ఒక్క కాలేజీనే అడగాలి. ఫీజు లేని సీటు వచ్చేది అందులోనే. మాటివ్వకుండా ఎన్నిచోట్లయినా అడగడం రెండోది.

పునిత పినాంగ్ కాలేజీకే మాటిస్తానంది. తల్లి వింటేగా!

“క్లాంగ్ కాలేజీకి కూడా ఇచ్చెయ్ లా. ఎవులు సూస్తారు?” అంది, మలేసియా అలవాటుగా మాటకి ‘లా’ తగిలించి.

ఇంట్లో వాళ్లిద్దరికే తెలిసిన సంగతి ఈ పిల్లకెలా తెలిసింది? ఫోన్ చేసి దోచే దొంగలకి ఈమధ్య తెలియనిదేముంది గనక!

“ఇప్పుడు బ్యాంకు నంబరు అడుగుతావేటి? మీ ముఠా తెలుగు కూడా నేర్సేసిందా?”

“అయ్యో ఆంటీ, నేను దొంగని కాదు...”

“సిగ్గు నేదూ? నిన్ను కన్నది కూడా ఇదే పని సేస్తాదా?”

అవతల ఏడుపు దిగమింగుతున్నట్టు వినిపించింది.

శాంతాదేవి ఫోన్ పెట్టేసి, ఆ నంబరు బ్లాక్ చేసింది.

“ఎవులమ్మా?” లోపల్నుంచి పునిత.

“స్కామ్ లా. తిట్టి వదిలినాను!”

వారం తిరక్కుండా రెండు కాలేజీలూ పునితని కాదన్నాయి. రెండు చోట్ల మాటిచ్చినందుకే.

పునిత గది తలుపేసుకుని ఏడ్చింది. తల్లిని పల్లెత్తు మాట అనలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

శాంతాదేవికి ముద్ద దిగలేదు. కూతురి ముందు కూర్చుని ఫోన్ సంగతంతా చెప్పేసింది. అప్పటికప్పుడు బ్లాక్ తీసి, ఆ నంబరుకి తనే ఫోన్ చేసింది.

“తప్పయిపోనాది తల్లీ. మీయమ్మని కూడా అన్నాను. సిగ్గుతో సచ్చిపోతన్నాను.”

“పర్లేదు ఆంటీ. భారతి అడిగినాదని పునితకి సెప్పండి” అని పెట్టేసింది ఆ పిల్ల.

“ఎవులే ఈ భారతి? నీ స్నేహితురాలా?”

పునిత కళ్లు తుడుచుకుంది.

“ఒక్కసారే సూసినానమ్మా, పినాంగ్ ఇంటర్వ్యూలో. నా ఫోన్లో ఛార్జి అయిపోతే, నీతో మాట్లాడమని తన ఫోన్ ఇచ్చినాది. రెండు చోట్ల మాటిచ్చినామని నేనే వాగేసినాను.”

“పాపం, ఆ పిల్లకి సీటొచ్చిందా?”

“అక్కడ ఫీజు లేని సీటు ఒక్కటే. దానికి ఆఖర్న మిగిలింది మేమిద్దరమే. ఊరుకుంటే తనకే వస్తాదని తెలిసి కూడా నీకు ఫోన్ సేసినాదమ్మా.”